మూలింటి పిడికెడు బియ్యం

ఈ సంగతి నేను ఇప్పటివరకు ఎవరికీ చెప్పలేదు. పదమూడేళ్ళ వయసు నుంచి డైరీ రాస్తున్నాను, అందులో కూడా రాయలేదు. నాకు తొమ్మిదేళ్ళప్పుడు మా ఊరికి వాన రాకుండా ఆపింది నేనే.

చాలా ఏళ్ళు అలాగే నమ్మాను. ఇప్పుడు నమ్మడం లేదని రాయబోతే పెన్ను ఆగింది. మబ్బు పట్టి, పడకుండా వెళ్ళిపోయిన ప్రతిసారీ ఆ తప్పు నాదేనేమో అని ఇప్పటికీ అనిపిస్తుంది.

ఇన్నాళ్ళకు ఇది రాయడానికి కారణం ఒక ఏడో తరగతి పిల్ల. నేను సిద్దిపేటలో ఒక బడి లైబ్రరీలో పనిచేస్తాను. మాట్లాడే అవసరం తక్కువని ఆ పని ఎంచుకున్నాను. ఇవాళ బడిలో ఉపన్యాస పోటీ ఉంటుందని చెప్పారు. నోటీసు బోర్డు మీద అంశం రాశారు: ‘ఒక దేశం దేవుణ్ణి నమ్ముకోవడం అంటే ఏమిటి?’ పిల్లలు గుంపుగా వచ్చి, దేవుడి పుస్తకాలు కొన్ని, దేశం పుస్తకాలు కొన్ని పట్టుకుపోయారు. ఒక పిల్ల మాత్రం అందరూ వెళ్ళేదాకా బీరువా పక్కన నిలబడింది. తనను అడగకుండానే టీచరు పేరు రాసేసుకున్నారట.

"మేడం, నాకు అందరి ముంగట మాట రాదు," అంది. తర్వాత గొంతు ఇంకా తగ్గించి, "దేశమంటే గంతమంది ఉంటరు గదా మేడం, అందరు కలిసి ఎట్ల నమ్ముతరు?" అని అడిగింది.

"రేపు రా, వెతికి పెడతా," అన్నాను. ఆ ప్రశ్నకు మా లైబ్రరీలో పుస్తకం లేదని నాకు తెలుసు. మా ఊరి బయట ఒక బండ ఉండేదని మాత్రం గుర్తొచ్చింది.

*

నాయినకు సిద్దిపేటలో బట్టల దుకాణం. ఎండాకాలం సెలవులివ్వగానే నన్ను నంగునూరు దిక్కున్న మా ఊరికి బస్సెక్కించేవారు. తాతా నాయినమ్మా అక్కడ వ్యవసాయం చేసుకుంటూ ఉండేవారు. ఆ యేడు అమ్మ కాన్పుకు వెళ్ళడంతో బడి తెరిచిన తర్వాత కూడా నన్ను ఊళ్ళోనే ఉంచారు. అందుకే మిరుగం, అంటే మృగశిర కార్తె, దాటిన తర్వాత ఊరు ఎలా ఉంటుందో మొదటిసారి చూశాను.

మిరుగం నాడు నాయినమ్మ ఇంగువను బెల్లంలో పొదిగి ఉండ చేసి అందరి నోట్లో వేసేది. కాలం మారుతుంది, ఒంటికి మంచిదని. ఆ ఘాటు నాకు అసలు పడేది కాదు. బెల్లం చప్పరించి, ఇంగువను గోడ సందులో ఉమ్మేసి వచ్చేదాన్ని. ఆ గోడ వానాకాలమంతా ఇంగువ వాసన కొట్టేదని మా వదిన చాడీ చెప్పేది. వదిన అంటే అదే ఊళ్ళో ఉండే మేనత్త బిడ్డ, నాకన్నా రెండేళ్ళు పెద్దది. నాకు లేని నోరంతా దానికే ఉండేది.

కాని ఆ యేడు మిరుగం ఒట్టిగానే వెళ్ళిపోయింది. అంతకుముందు ఒకే ఒక్క వాన పడింది. దాన్ని నమ్మి ఊరంతా మొక్కజొన్న విత్తారు, మా మాటలో మక్కలు. మొలకలు రెండాకులు వేశాయి, తర్వాత చుక్క లేదు. పొద్దున లేవగానే ప్రతి ఇంటి ముందు ఒకరు తలెత్తి నిలబడేవారు. పళ్ళు తోముకుంటూ పైకి చూసేవారు, పాలు పిండుతూ పైకి చూసేవారు. ఒకరినొకరు పలకరించుకునేటప్పుడు కూడా మొహాలు చూసుకునేవారు కాదు, మబ్బును చూసుకునేవారు.

తాత మా చెల్కలో, వాన మీదే పండే చేనులో, బోరు వేయించాడు. బోరు బండి వస్తే మాకు జాతరే. చెవులు మూసుకుని చుట్టూ నిలబడ్డాం. గంటలు గడిచినా నీళ్ళు రాలేదు. తెల్లటి రాతిపొడి మాత్రం లేచి తాత మీసాల మీద, తలపాగా మీద పడింది. చివరికి బండి ఆపేశారు. తాత ఆ పొడిని రెండు వేళ్ళతో తీసి నాలుక మీద వేసుకుని చూశాడు.

"పిండి మంచిగనే పట్టిండు గిర్నీల. నీళ్ళే మరిచిండు," అన్నాడు.

"గా నోరు జర మూసుకో. దేవునితోటి ఎకసెక్కాలా?" అని నాయినమ్మ కసిరింది.

"నేనేమన్ననే? పిండి మంచిగుందన్న."

ఆయన వెక్కిరింత అలాగే ఉండేది. కాని ఆ సాయంత్రం ఎడ్ల కొట్టంలోకి వెళ్ళి చాలాసేపు బయటికి రాలేదు. మా ఎడ్లు రెండు, ఒకటి తెల్లది, ఒకటి కర్రెది. కర్రెద్దు నా చేతికి అంటిన ఉప్పు కోసం అరచేయి నాకేది. దాని నాలుక గరుకు కాగితంలా ఉండేది. చేయి వెనక్కి తీసుకుంటే, ఇంకా ఏదన్నా ఉందా అన్నట్టు చూసేది. అప్పటికే గడ్డివాము నడుము దాకా దిగింది. నాయినమ్మ పూట మార్చి పూట మక్కరవ్వతో గట్క వండుతూ, కొంత కుడితిలో కలిపి వాటికే పోసేది.

"ఐతారం దాక చూస్త," అన్నాడు తాత అన్నం దగ్గర. "వాన పడ్డదా, సరే. లేకుంటే ఎడ్లను అంగడికి తోల్కపోత. ఆకలితోటి నా కండ్ల ముంగట పడిపోవుడు నేను సూడలేను."

ఆ రోజు సోమవారం. నేను వేళ్ళ మీద లెక్కపెట్టుకున్నాను. ఆదివారానికి ఆరు రోజులు.

*

మరునాడు బొడ్రాయి దగ్గర పెద్దలంతా కూర్చున్నారు. ఊరు పుట్టిన నాడు నాటిన రాయి అది. ఊరి బొడ్డు అనేవారు. నాయినమ్మ ఆడవాళ్ళతో ఒక పక్కన నిలబడితే, నేను ఆమె కొంగు చాటున నిలబడ్డాను.

"టీవీల రెండు దినాలల్ల వస్తదన్నరు," అన్నారెవరో.

"టీవీ వానతోని టీవే తడుస్తది," అన్నాడు తాత.

పరుపులు కుట్టే దూదేకుల తాత బీడీ ఆర్పి, "మేము సుత నమాజు చేసి అడిగినం. మీరు గుళ్ళె అడిగిన్రు. ఆయినకు ఇనవడ్తలేదా, మనకే అడుగరాదా?" అన్నాడు.

అప్పుడు నాయినమ్మ, మగవాళ్ళ మధ్య ఎప్పుడూ మాట్లాడని మనిషి, కొంగు సర్దుకుని అంది: "ఎవరికి వాళ్ళం అడుగుతున్నం. ఊరు అడిగిందా? వరదపాశం చేసి ఎన్నేండ్లాయె?"

అందరూ ఒకరినొకరు చూసుకున్నారు. వరదపాశం అంటే వాన కోసం చేసేది. ఇంటింటికీ తిరిగి పిడికెడు బియ్యం, ఇంత బెల్లం తెచ్చి, ఊరి బయటి బండ దగ్గర పాశం, అంటే బెల్లం పాయసం, వండుతారు. కడిగిన బండ మీద ఆ పాశాన్ని పోస్తారు. ఊరంతా మోకాళ్ళ మీద వంగి, చేతులు వెనక్కి పెట్టుకుని, నాలుకతో నాకి తినాలి.

బియ్యం అడగడానికి పిల్లలే వెళ్ళాలి. పిల్లల చేతిలో గిన్నె చూస్తే ఎవరూ లేదనరు. నాయినమ్మ నన్నూ వదిననూ ముందు నిలబెట్టుకుని నియమం చెప్పింది.

"ఒక్క ఇల్లు సుత ఇడువద్దు. ఉన్నోళ్ళు, లేనోళ్ళు, మనతోని మాట్లాడేటోళ్ళు, మాట్లాడనోళ్ళు, అందరు. తాళమేసిన ఇల్లుంటే?"

"ఇడిచిపెట్టాలె," అంది వదిన.

"థూ! గా ఇంటి ముంగట నిలవడి వాళ్ళ పేరు పెట్టి పిలువాలె. బొంబయి పోయినా దుబాయి పోయినా వాళ్ళు ఊరోళ్ళే. వాళ్ళ పేరు మీద మన కుండలకెళ్ళి పిడికెడు వెయ్యుండ్రి. దేవుని తానకు ఊరు పోతే ఊరంత పోవాలె. ఒక్క గడప తక్కువైనా అది ఊరు కాదు, గుంపు. గుంపు అడుగుతె ఆయిన ఎందుకిస్తడు?"

చదువుకున్న పుస్తకాల్లో తర్వాత చాలా పెద్ద మాటలు చూశాను. బడి గడప కూడా తొక్కని నాయినమ్మ ఆ బొడ్రాయి దగ్గర అన్నంత నిండుగా ఎవరూ అన్నట్టు నాకు అనిపించలేదు.

*

బుధవారం పొద్దున బయల్దేరాం. పిలవడం వదిన పని. "వరదపాశానికి బియ్యం పెట్టుండ్రీ!" అని అది అరిస్తే రెండు వీధులకు వినపడేది. నా పని గిన్నె పట్టడం. తాళమేసిన ఇళ్ళ ముందు కూడా నిలబడి, ఆ ఇంటివాళ్ళ పేర్లు పెట్టి, బొంబయికి వినపడాలన్నట్టు అరిచింది. ఒక ఇంట్లో వేడి వేడి బియ్యప్పిండి సర్వప్ప ముక్క పెట్టారు. ఇంకో ఇంట్లో బెల్లం గడ్డ ఇచ్చారు. అందులో ఒక మూల మేమిద్దరం కొరికేసి, గిన్నెలో కిందికి పెట్టాం. అది కూడా పాపమే, కాని ఇద్దరం కలిసి చేసిన పాపం కాబట్టి అంత భయం వేయలేదు.

చివరి వీధికి వచ్చేసరికి ఎండ నడినెత్తికొచ్చింది. "కుడిదిక్కు నేను, ఎడమదిక్కు నువ్వు. జల్ది అయితది," అంది వదిన. అంటే పిలవాల్సింది నేనే. ఎడమవైపు మూడే ఇళ్ళు. మొదటిది దూదేకుల తాతది. ఆయన అరుగు మీదే ఉన్నాడు. నేను నోరు తెరవకముందే గిన్నె చూసి నవ్వాడు.

"అడుగవేందిరా బిడ్డా? నోట్ల బెల్లమున్నదా?" అని లోపలికి వెళ్ళి రెండు పిడికిళ్ళు తెచ్చి పోశాడు. "ఒకటి నాది, ఒకటి నా పరుపులది. వాన పడితె దూది నాని నా పని బందయితది, తెలుసా? అయినా పెడ్తున్న," అన్నాడు.

రెండో ఇంట్లో బాలింత గడపలోనే కూర్చుని పిల్లకు పాలిస్తోంది. కుండ ఎక్కడుందో కళ్ళతోనే చూపించింది. నేనే వెళ్ళి తీసుకున్నాను. అక్కడా మాట అవసరం పడలేదు.

మూడోది మూలిల్లు.

ఆ ఇంట్లో ఒక్క ముసలామె ఉండేది. మూలింటి అవ్వ అనేవాళ్ళం. కొన్నేళ్ళ కింద కరువులోనే ఆమె పెనిమిటి బావిలో పూడిక తీయడానికి దిగితే, ఒడ్డు కూలి మీద పడింది. దినాలయ్యాక ఆమె ఇంట్లోని దేవుడి పటాలన్నీ తీసి, బొడ్రాయి దగ్గర పెట్టి, "మీరే ఉంచుకోండ్రి. నా ఇంట్ల వీళ్ళకు జాగ లేదు," అని వెళ్ళిపోయిందట. నాయినమ్మ ఆ పటాలను కొంగులో చుట్టుకుని మా ఇంటికి తెచ్చింది. "కోపం తగ్గినంక ఇద్దాం," అంది. ఆ రోజు నుంచి ఇద్దరికీ మాటల్లేవు. తన దేవుళ్ళను నాయినమ్మ తీసుకుపోయిందని ఆమె కోపమో, ఇంటి దేవుళ్ళను వీధిలో పెట్టిందని నాయినమ్మ కోపమో, మాకు తెలిసేది కాదు. దేవుణ్ణి తిట్టే మనిషి అని పిల్లలం ఆ గడప ముందు పరుగెత్తేవాళ్ళం.

నేను ఆ గడప దగ్గర నిలబడ్డాను. తలుపు సగం తెరిచి ఉంది. లోపల చేటలో ఏదో చెరుగుతున్న చప్పుడు. ‘అవ్వా’ అంటే చాలు. రెండక్షరాలు. గొంతు దాకా వచ్చి అక్కడే కూర్చున్నాయి. చెరుగుతున్న చప్పుడు ఆగింది. ఆమె లేచి వస్తుందేమోనని నేను వెనక్కి తిరిగాను. కాళ్ళ పట్టగొలుసులు చప్పుడు కాకుండా వేళ్ళ మీద నడిచి వచ్చేశాను.

"మూలింటి ముసలి పెట్టిందా?" అని వదిన అడిగింది.

అబద్ధానికి కూడా నేను నోరు తెరవలేదు. తల ఊపాను.

అంతటితో పోయేది. కాని ఇంటికి రాగానే వదిన గొప్పగా చెప్పింది. నాయినమ్మ చేతిలోని చెంబు కింద పెట్టేసింది.

"మూలింటామె పెట్టిందా? నిజంగనా?" నా గిన్నెలోని బియ్యాన్ని అరచేత్తో తాకింది. ఆమె కళ్ళలో నీళ్ళు గిర్రున తిరిగాయి. "ఇగ వాన ఎందుకు రాదు? సూస్త ఎట్ల రాదో!"

*

గురువారం పొద్దున బండ మీద అంతమందిని చూడడం అదే మొదటిసారి, అదే చివరిసారి. ఆడవాళ్ళు బండను మూడు సార్లు కడిగారు. మాకు తాగడానికి లేని నీళ్ళు ఆ రోజు బండకు దొరికాయి. పెద్ద గంగాళంలో పాశం ఉడుకుతుంటే బెల్లం వాసన, తుమ్మకట్టె పొగ కలిసి ఊరి దాకా వెళ్ళాయి. వేడి తగ్గాక బండ మీద పోశారు. పాశం పల్లం వెతుక్కుంటూ పారి, చిన్న చిన్న గుంటల్లో నిలిచింది.

"చేతులెందుకు ఎనుకకు పెట్టాలె?" అని వదిన అడిగింది.

"చేతులుంటే నాదింత, నీదింత అంటం," అంది నాయినమ్మ. "చేతులు ఎనుకకు పెడితె మనం సుత పసులమే. పసుల నోరు దేవుడు కొట్టడు."

అందరూ వంగారు. పట్వారీ ఇంటివాళ్ళు, కూలికి పోయేవాళ్ళు, దూదేకుల తాత, బాలింత అత్తగారు, ఒకరి భుజం ఒకరికి తగులుతుంటే నాకారు. మా తాత మొదట నిలబడి చూశాడు. తర్వాత తలపాగా తీసి పక్కన పెట్టి, ఆయన కూడా వంగాడు. లేచేసరికి మీసాల నిండా పాశం. ఊరంతా నవ్వింది. అంత కరువులో అంత నవ్వు ఎక్కడ దాచుకున్నారో. ఇన్నేళ్ళ తర్వాత కూడా ఆ దృశ్యం తలచుకుంటే నాకు చేతులు జోడించాలనిపిస్తుంది. మొండివాళ్ళు, పోట్లాడుకునేవాళ్ళు, గట్టు దగ్గర జానెడు జాగ వదలనివాళ్ళు. వాళ్ళంతా ఒక రాయి ముందు ఒక్క ఎత్తుకు వచ్చారు.

నేను మాత్రం ఒక్కసారి నాకి ఆగిపోయాను. తలెత్తి చూస్తే దూరంగా బాట మీద మూలింటి అవ్వ నిలబడి ఉంది. నెత్తి మీద కట్టెల మోపు. నాయినమ్మ కూడా చూసింది. చేయెత్తి, "రా! దా, తిందువు రా!" అని పిలిచింది. అన్నేళ్ళ తర్వాత మొదటి పిలుపు. అవ్వ ఒక్క క్షణం చూసి, మోపు సర్దుకుని, వెనక్కి తిరిగి వెళ్ళిపోయింది.

"బియ్యం పెట్టి పాశానికి రాదా? ఏం పంతమే అది," అని నాయినమ్మ గొణుక్కుంది. ఆమె మొహం చిన్నబోయింది.

ఆమె ఎందుకు రాలేదో ఆ బండ మీద తెలిసింది నా ఒక్కదానికే.

*

శుక్రవారం వాన రాలేదు. శనివారం పొద్దున మబ్బు పట్టింది, గాలి లేచింది, మబ్బు వెళ్ళిపోయింది. బొడ్రాయి దగ్గర మళ్ళీ మాట మొదలైంది. ఏదన్నా ఇల్లు తప్పిందేమో అని.

"తప్పలే," అంది నాయినమ్మ గట్టిగా. "నా మనుమరాలు పోయింది. అది మాట్లాడదు గని, తప్పు చెయ్యది."

ఇంటికి వచ్చేసరికి తాత కర్రెద్దు కొమ్ములకు నూనె రాస్తున్నాడు. అమ్మడానికి అంగడికి తీసుకుపోయే ముందు అలా రాస్తారు. ఎద్దు నా వైపు తిరిగి చేయి కోసం మెడ చాచింది. నేను అక్కడ నిలబడలేకపోయాను.

మధ్యాహ్నం అందరూ నడుము వాల్చాక గిన్నె తీసుకుని ఒక్కదాన్నే వెళ్ళాను. మూలిల్లు. అదే గడప. కళ్ళు మూసుకుని, ఊపిరంతా కూడగట్టుకుని, "అవ్వా, వరదపాశానికి బియ్యం పెట్టు," అన్నాను. ఎంత గట్టిగా అన్నానో, దూదేకుల తాత ఇంటి ముందు కుక్క మొరిగింది.

అవ్వ బయటికి వచ్చింది. నన్ను పై నుంచి కింది దాకా చూసింది. తలుపు పక్క గూట్లోంచి ఒక ఇత్తడి గ్లాసు తీసింది. అందులో బియ్యం. పైన చిన్న బెల్లం ముక్క, దానికి చీమలు పట్టాయి.

"బుధవారం నుంచి ఈడనే ఉన్నయి," అంది. "పిల్లలు బియ్యానికి తిరుగుతున్నరని ఇన్న. చెరిగి పెట్టిన. నీ పట్టగొలుసుల సప్పుడు గడప దాక వచ్చింది, మళ్ళిపోయింది. ముసలిదాన్ని ఊర్లకెళ్ళి తీసేసిన్రు గావచ్చు అనుకున్న."

నాకు ఏడుపొచ్చింది. "నేనే పిలువలే. పెట్టిందని చెప్పిన," అన్నాను వెక్కుతూ.

"నేను కొడ్తననుకున్నవా?"

"నువ్వు దేవుణ్ణి తిడుతవంట గదా."

అవ్వ నవ్వింది. పళ్ళు లేని నవ్వు. "తిడుత. అది ఆయినకు నాకు నడుమ లొల్లి. ఆయిన నా మనిషిని తీస్కపోయిండు, నేను మాట్లాడ. గని ఊరు అడుగుతె పిడికెడు బియ్యం పెట్టనా? వాన పడితె నా ఇంటి పెంకలు ఇడిచిపెట్టి పడతదా ఏంది?"

పాశం అయిపోయిందని, ఎడ్లను రేపు తోలుకుపోతారని చెప్పాను. ఆమె గ్లాసు తీసుకుని లోపలికి వెళ్ళింది. తర్వాత పొయ్యి ముట్టించింది. బెల్లం మీది చీమలను ఊదింది. చిన్న మట్టి గురిగిలో పాశం వండి, నెత్తి మీద పెట్టుకుని, "పా," అంది.

ఆ ఎండలో బండ కాలుతోంది. చెంబులో తెచ్చిన నీళ్ళు చల్లితే సుయ్యిమన్నాయి. ఆమె పాశం పోసి, మోకాళ్ళ మీద కూర్చుని, చేతులు వెనక్కి పెట్టుకుంది. వంగే ముందు పైకి చూసి, పక్కింటి మనిషితో మాట్లాడినట్టే అంది:

"ఓ, గిదిగో నా వంతు. ఇగ నీకు సాకు లేదు."

ఇద్దరం నాకాం. బండ వేడికి నాలుక చురుక్కుమంది. కర్రెద్దు నాలుక గుర్తొచ్చింది. తిరిగి వచ్చేటప్పుడు నేను పది అడుగులకొకసారి ఆకాశం చూశాను. ఆమె ఒక్కసారి కూడా చూడలేదు.

*

వాన ఆ రోజు రాలేదు. ఆదివారం పొద్దున తాత ఎడ్లను తోలుకుపోయాడు. సాయంత్రం ఒట్టి పలుపు తాళ్ళు భుజాన వేసుకుని వచ్చాడు. ఆ రాత్రి ఎవరూ అన్నం తినలేదు. నేను ముఖం కడుక్కోవడానికి వెళ్ళి, ఉప్పు అంటిన అరచేయిని చాలాసేపు కడగలేదు.

గురువారం పడింది వాన. మధ్యాహ్నం మొదలై తెల్లారేదాకా పడింది. ఊరంతా వాకిళ్ళలోకి వచ్చి తడిసింది. మా తాత అరుగు మీద కూర్చుని తల దించుకున్నాడు. మొలకలు అప్పటికే మాడిపోయాయి. మళ్ళీ దున్ని, మళ్ళీ విత్తాలి. ఎడ్లు లేవు.

నేను రాయాలనుకున్నది తర్వాతి పొద్దు గురించే. తాత చెల్కకు వెళ్ళేసరికి అక్కడ మూడు జతల ఎడ్లు ఉన్నాయి. ఎవరూ పిలవలేదు. నేల పదును ఆరిపోకముందు తమ చెల్కలు దున్నుకోవాల్సినవాళ్ళు ముందు మా చెల్కలోకి వచ్చారు.

"మీయి దున్నుకోరాదురా, పదును పోతది," అన్నాడు తాత.

"వాన నీ చెల్కల సుత పడ్డది గదా మామా. ఊరంత అడిగినం, ఊరంత విత్తాలె," అన్నాడు నాగలి పట్టినాయన.

సాలు వెంట గింజలు వేయడానికి ఆడవాళ్ళు వచ్చారు. వాళ్ళలో, ఒడిలో మక్కలు పోసుకుని, మూలింటి అవ్వ. నాయినమ్మ ఆమెను చూసి నిలబడిపోయింది.

"వచ్చినవా?"

"వాన వచ్చింది, వచ్చిన."

"బియ్యం పెట్టినవు, పాశానికి రాకపోతివి. నేను పిలిస్తిని గదా."

అవ్వ నా వైపు ఒక్కసారి చూసి, ఒడిలోని గింజలు సర్దుకుంది.

"నా బియ్యం జర ఆలస్యమైనయి," అంది. అంతే. నాయినమ్మ ఇంకేమీ అడగలేదు. ఇద్దరూ పక్కపక్క సాళ్ళలో నడిచారు. పటాల మాట ఎత్తలేదు. అవి ఇప్పటికీ మా ఇంట్లోనే ఉన్నాయి. నాయినమ్మ ప్రతి శనివారం తన పటాలతో పాటు వాటినీ తుడిచేది.

గట్టు మీద కూర్చున్నప్పుడు నేను అవ్వను మెల్లగా అడిగాను, మన పాశానికే వచ్చిందా వాన అని.

"ఏమో బిడ్డా. ఆయిన నాకు చెప్పడు, నేను ఆయిన్ను అడుగ," అంది.

*

ఇప్పుడు చంద్లాపూర్ రిజర్వాయరు దిక్కు నుంచి మా ఊరికి కాలువ వస్తోంది. జూన్‌లో కూడా చెల్కల్లో నీళ్ళు మెరుస్తాయి. పొద్దున లేచి ఎవరూ ఆకాశం చూడరు. బండను కంకర కోసం కొట్టేశారు. ఒట్టి పలుపు తాళ్ళతో తిరిగొచ్చిన తాతను చూసినదాన్ని, కాలువను ఒక్క మాట అనలేను. ఆ మనుషులను మాత్రం మరవలేను.

రేపు ఆ పిల్ల వస్తుంది. దేశం గురించి నాకు తెలియదు, మా ఊరి గురించి చెబుతాను. తాళమేసిన ఇంటి ముందు కూడా నిలబడి పేరు పెట్టి పిలిచేవారని చెబుతాను. దేవుడితో మాటల్లేని మనిషి బియ్యం కూడా ఆ పాశంలో ఉండాల్సిందేనని, అది లేకపోతే అడిగింది ఊరు కాదని చెబుతాను. ఒక గడపను నేను తప్పించానని కూడా చెబుతాను. దేశం మీద మాట్లాడబోయే పిల్లకు అదే ఎక్కువ పనికొస్తుందనుకుంటున్నాను.

ఆ యేడు అమ్మ తమ్ముణ్ణి ఎత్తుకుని ఇంటికి రాగానే నన్ను తీసుకుపోవడానికి నాయిన వచ్చాడు. బస్సు టైముకు ముందు నేను మూలింటికి పరుగెత్తాను. మళ్ళీ గడప దగ్గర ఆగిపోయాను. మళ్ళీ మాట రాలేదు. ఆ చలికాలంలోనే అవ్వ పోయింది. నేను ఆమెను ఇంకెప్పుడూ చూడలేదు, ఆ రోజు కూడా కంటితో చూడలేదు. ఆ రోజు నేను బస్సు హారను వినపడి వెనక్కి తిరుగుతుంటే, నా పట్టగొలుసుల చప్పుడు విని, అవ్వ లోపలి నుంచే అంది:

"గట్ల గడప కాడ నిలవడి మళ్ళిపోకు బిడ్డా. పిలువు. నేను ఇంట్లనే ఉంట."